మాధ్యమము, మేర, ప్రతిభ : డిజిటల్ మిశ్రమచిత్రమును గూర్చి ఒక విచారము

1

నేటి కళావిమర్శలో తరచుగా వినవచ్చు ప్రశంస ఒకటి కలదు. ఫలానా చిత్రకారుడు కళకు గల హద్దులను చెరిపివేసెనని చెప్పుదురు. ఛాయాచిత్రము, చేతిగీత, అక్షరము, ధ్వని, చలనము అను వానిని కంప్యూటరులో ఒకదానిపై నొకటి పేర్చి కూర్చిన రచనల విషయమున ఈ మాట మరియు ఎక్కువగా వాడబడుచున్నది. వీనిని డిజిటల్ మిశ్రమ మాధ్యమ రచన లనుచున్నారు. అయితే హద్దు అనగా నేమి, దానిని ఎవరు గీచిరి, అది చెరిగినదని తెలిసికొనుట కేది ప్రమాణము అను ప్రశ్నలను విమర్శకులు సాధారణముగా వేసికొనుట లేదు. సాధనములు పెరిగినంత మాత్రమున ప్రతిభ పెరిగినదని చెప్పవచ్చునా? చెప్పరాదేని, ఈ రచనలలో మంచిచెడ్డలను నిర్ణయించుటకు మన కేమి ఆధారము? ఈ వ్యాసము ఆ ప్రశ్నలకు సమాధానము వెదకు ప్రయత్నము.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది ఒక చిన్న సంఘటన. పటకథలను గూర్చి పరిశోధనము చేయుచున్న విద్యార్థిని ఒకామె వరంగల్లు సమీపమున గల ధర్మసాగర్ జలాశయమును గూర్చి తాను కంప్యూటరులో కూర్చిన చిత్రమును తెచ్చి చూపి, నా అభిప్రాయ మడిగినది. అందు సాయంకాలపు నీటి ఛాయాచిత్రము అడుగుపొర. దానిపై గోదావరి నుండి ఆ జలాశయమునకు నీరు వచ్చు మార్గమును సూచించు సన్నని గీత. దానిపై చేర్యాల పటముల ఫక్కిలో గీచిన జాలరి బొమ్మ. దానిపై కొన్ని తెలుగు అక్షరములు. అన్నిటికి మీద బంగారుచాయ గల మెరుపు. ఆమె ఆ నీటికి రంగులు మార్చి నలువది రూపములు సిద్ధపరచినది. వానిలో ఏది తుదిరూపమో తనకే తెలియుట లేదని చెప్పినది.

ఆ తుదిమాట నన్ను ఆలోచనలో పడవేసినది. రచన ముగిసినదని రచయితకు తెలియకపోవుట సామాన్యమైన చిక్కు కాదు. చిత్రము బాగున్నదనియో బాగులేదనియో చెప్పి పంపివేయుట సులభము. కాని ఏ ప్రమాణముచే అట్లు చెప్పితినని ఆమె తిరిగి ప్రశ్నించినచో నాయొద్ద సమాధానము లేదు. పద్యమునకు, కథకు మనము నేర్చిన ప్రమాణములు కలవు. ఈ కొత్త రచనకు అవి వర్తించునా లేదా అని నే నెన్నడును విచారింపలేదు. తెలుగు శాఖలలో జానపద కళలపై పరిశోధనము చేయు విద్యార్థులు ఇట్టి రచనలను తమ సిద్ధాంతగ్రంథములకు అనుబంధముగా జేర్పగోరు కాలము వచ్చినది. కావున ఈ ప్రశ్న చిత్రకళాశాలలకు మాత్రమే సంబంధించినది కాదు.

2

ముందుగా ఒక అపోహను తొలగింపవలసి యున్నది. అనేక మాధ్యమములను కలుపుట ఈ కాలపు కొత్త పోకడ యని పలువురు భావింతురు. ఆ భావము సరికాదు. చేర్యాల నకాషీలు వ్రాయు పటమునే చూడుడు. ఖాదీబట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతపెట్టి, ఆరనిచ్చి, ఎర్రని నేలపై బొమ్మలు వ్రాయుదురు. పటము అంతటితో పూర్తి కాదు. దానిని వ్రేలాడదీసి, ఒక్కొక్క గడిని చూపుచు, వాద్యముతో కథను పాడి వినిపించినప్పుడే అది కళగా నిలుచును. బట్ట, మట్టి, జిగురు, రంగు, పాట, మాట, అభినయము, ఇన్ని మాధ్యమములు అందు కలిసినవి. అయినను దానిని చూచి హద్దులు చెరిగినవని మన పెద్ద లెవ్వరు ననలేదు. ఒక్కొక్కటి లేనిచో రెండవది నిలువదు కనుక, అది మిశ్రమముగా గాక ఒకే వస్తువుగా వారికి దోచినది.

డిజిటల్ రచనలో కొత్తదనము మిశ్రమమున లేదు. ఆ మిశ్రమము ఏ శ్రమయు లేకుండ సాధ్యమగుటలో గలదు. బట్టపై వేసిన రంగును తీయుట కష్టము. తెరపై వేసిన రంగు ఒక్క మీట నొక్కిన మాయమగును. పొరలను క్రిందికి మీదికి జరుపవచ్చును. వందసార్లు మార్చి, మొదటి రూపమునకు మరలి రావచ్చును. 2022 నుండి సామాన్యులకు గూడ అందుబాటులోనికి వచ్చిన కృత్రిమ మేధా సాధనములలో గీయుట కూడ అవసరము లేదు. కావలసిన దానిని మాటలలో అడిగిన చాలును, చిత్రము వచ్చి నిలుచును.

దీనిపై రెండు పక్షము లేర్పడినవి. యంత్రము శ్రమను దొలగించి కల్పనకు రెక్క లిచ్చినదని ఒక పక్షము. శ్రమ లేనిచో కళ లేదు, కావున ఇది కళయే కాదని రెండవ పక్షము. నా దృష్టిలో రెండును తొందరపాటు మాటలే. మొదటివారు సౌకర్యమును స్వేచ్ఛగా భ్రమించిరి. రెండవవారు చెమటను ప్రతిభగా భ్రమించిరి. ఈ రెంటికి నడుమ నున్న సత్యమును గ్రహించుటకు, కంప్యూటరు లేని కాలమునందే ఒక మాధ్యమపు మేరను నిజముగా విస్తరింపజేసిన తెలుగువారి ఒకరి కృషిని పరిశీలించుట మేలు. వారు శ్రీ కృష్ణారెడ్డి.

3

కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించిరి. శాంతినికేతనములో నందలాల్ బోసు శిష్యులై చిత్రకళ నభ్యసించిరి. 1947 నుండి 1949 వరకు మద్రాసు కళాక్షేత్రమున చిత్రకళాశాఖకు పెద్దగా నుండిరి. తరువాత లండనులోని స్లేడ్ కళాశాలలో హెన్రీ మూర్ వద్దను, పారిసులో జాడ్కిన్ వద్దను, మిలాన్ నగరమున మారినో మారినీ వద్దను శిల్పవిద్య నేర్చిరి. పారిసులో స్టాన్లీ విలియం హేటర్ 1927లో స్థాపించిన ముద్రణచిత్రశాల యగు 'ఆటెలియే 17'లో జేరి, కాలక్రమమున దానికి సహసంచాలకులైరి. 1970ల దశకమున న్యూయార్కు జేరి అక్కడి విశ్వవిద్యాలయమున ముద్రణచిత్రకళను బోధించిరి. 1972లో వారికి పద్మశ్రీ లభించినది. 2018లో న్యూయార్కులోనే కీర్తిశేషులైరి. ప్రపంచపు ముద్రణచిత్రకారులలో వారి పేరు ఎరుగనివారు అరుదు. తెలుగు విద్యార్థులలో ఎరిగినవారు అరుదు.

వారి కృషి యేమో తెలియుటకు లోహఫలకముపై చిత్రము ముద్రించు పద్ధతిని గొంచెము వివరింపవలసి యున్నది. రాగి లేక జింకు రేకుపై ఉలితో గీచియో, ఆమ్లముతో కొరికించియో పల్లములు చేయుదురు. ఆ పల్లములలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడికాగితము పరచి ప్రెస్సులో నొక్కిన, పల్లములలోని సిరా కాగితమున కెక్కును. ఇది ఇంటాగ్లియో పద్ధతి. ఇందు ఒక్క రంగు సులభము. పలు రంగులు కావలెనన్న ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రేకు చేసి, ఒకదాని తరువాత నొకటిగా అదే కాగితముపై ముద్రింపవలెను. రేకులు రవంత జరిగినను చిత్రము చెడును. అంతకంటె ముఖ్యమైన లోప మొకటి కలదు. రంగులు వేరువేరు రేకులపై పుట్టుటచే చిత్రకారుని ఊహలో నవి ఒక్కటిగా బుట్టవు.

1950ల దశకమున ఆటెలియే 17లో హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుండి వచ్చిన కైకో మోతీ మున్నగువారు చేసిన ప్రయోగముల ఫలితముగా ఒకే రేకునుండి, ఒకే నొక్కుడులో, పలు రంగులను ముద్రించు విధాన మేర్పడినది. దానికి ఆధారము సిరాల స్నిగ్ధతలోని భేదము. అవిసెనూనె ఎక్కువగా కలిపిన సిరా పలుచనగును. తక్కువగా కలిపినది చిక్కగా నుండును. రేకును వేరువేరు లోతులలో మెట్లు మెట్లుగా చెక్కుదురు. అడుగు పల్లములలో ఒక సిరా నింపుదురు. పిమ్మట గట్టి రోలరుతో పలుచని సిరాను దొర్లించిన, అది మిట్టలపై మాత్రమే అంటును. తరువాత మెత్తని రోలరుతో చిక్కని సిరాను దొర్లింతురు. మెత్తనిది గావున ఆ రోలరు లోతట్టు భాగములకు గూడ దిగును. కాని ముందే పలుచని సిరా అంటియున్న మిట్టలు చిక్కని సిరాను స్వీకరింపవు, త్రోసివేయును. ఇట్లు రంగులు ఒకదానితో నొకటి కలిసి మురికి కాక, ఎవరి తావున వారు నిలుచును.

ఇందు గమనింపదగిన అంశములు రెండు. మొదటిది క్రమము. అవే సిరాలు, అదే రేకు. కాని ముందు చిక్కనిది, పిదప పలుచనిది దొర్లించినచో ఫలితము పూర్తిగా మారును. రెండవది నిరాకరణము. ఒక సిరా రెండవదానిని త్రోసివేయుట వలననే అక్కడ చిత్రము పుట్టుచున్నది. సామాన్యచిత్రకారుడు అడ్డంకి యని భావించు దానిని వీరు సాధనముగా మలచుకొనిరి. మాధ్యమమునకు గల మేర వారిచే చెరుపబడలేదు. దాని స్వభావము లోపలి నుండి గ్రహింపబడినది. గ్రహింపబడిన పిదప ఆ మేర తానై వెనుకకు జరిగినది.

కృష్ణారెడ్డి స్వతహాగా శిల్పి యనుట ఇచట ముఖ్యము. రేకును వారు గీతలు గీచు పలకగా గాక, చెక్కదగిన శిలగా చూచిరి. చేతి ఉలులతోను, విద్యుత్సాధనములతోను దానిని లోతులుగా దొలిచిరి. శిల్పము, గీత, వర్ణము అను మూడు కళ లొక్క రేకుపై కలిసినవి. మిశ్రమ మాధ్యమ మను మాట కిది నిజమైన అర్థము.

4

వారి చిత్రములలో 1963 నాటి 'వర్ల్‌పూల్', అనగా సుడిగుండము, ప్రసిద్ధమైనది. జలమును చిత్రించినవారు అసంఖ్యాకులు. సాధారణముగా చిత్రకారుడు నీటిపై పడిన వెలుగును చిత్రించును, లేదా అలల ఆకారమును చిత్రించును. సుడిగుండములో నట్టి బాహ్యరూప వర్ణన లేదు. కేంద్రమునకు లాగబడుచు, తిరిగి వెలికి చిమ్మబడుచున్న గీతలును, వాని నడుమ కణములు కణములుగా విరిసిన రంగులును కలవు. చూచుచుండగా అది నీరో, నక్షత్రమండలమో, ప్రాణి గర్భమో తేల్చుకొనలేము. ఏదో ఒక శక్తి తన్ను తాను చుట్టుకొనుచున్నదని మాత్రము తెలియును. రంగులు ఇట్లు కణములుగా నిలుచుటకు కారణము సిరాల పరస్పర నిరాకరణమే యని గుర్తుంచుకొన్నచో, నీటి స్వభావము ఇచట వర్ణింపబడుటకు మారు, ద్రవముల స్వభావము చేతనే నిర్మింపబడినదని బోధపడును. వస్తువు, విధానము ఇందు రెండుగా లేవు.

సాహిత్య విద్యార్థులకు ఇది మరొక మార్గమున సుబోధక మగును. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన రచించిన రాఘవపాండవీయము ద్వ్యర్థి కావ్యము. ఒకే పద్యము ఒక అన్వయమున రామకథను, మరొక అన్వయమున భారతకథను చెప్పును. రెండు కథలు రెండు గ్రంథములుగా వ్రాసి ప్రక్కప్రక్కన నుంచుట ఎవరికైన సాధ్యమే. అది రెండు రేకులతో రెండు రంగులు ముద్రించుట వంటిది. ఒకే శబ్దఫలకమునుండి రెండర్థములు ఒక్క పఠనమున వెలువడునట్లు చేయుట వేరు. అచట భాషయే కవికి ఎదురు తిరుగును. ఒక కథకు సరిపడిన పదము రెండవదానికి సరిపడదు. ఆ ఎదిరింపునకు లోబడి, దానిని జయించి, తెలుగు సంస్కృత పదముల విరుపులలో అంతవరకు ఎవరును వాడుకొనని అవకాశములను సూరన కనుగొనెను. రామరాజభూషణుడు హరిశ్చంద్రనలోపాఖ్యానమున ఆ మార్గమునే త్రొక్కెను. ఏకఫలక బహువర్ణ ముద్రణమును కృష్ణారెడ్డి ఏ స్ఫూర్తితో సాధించిరో, శ్లేషను సూరన ఆ స్ఫూర్తితోనే సాధించెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

అయితే ఈ పోలికయే ఒక హెచ్చరికను గూడ చేయుచున్నది. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు వ్యంగ్యప్రాధాన్యము లేని శబ్దార్థ విచిత్రరచనను చిత్రమను పేర వేరుపరచి, కావ్యములలో కడపటి స్థాన మిచ్చెను. మన ప్రబంధములలోని బంధకవిత్వ, గర్భకవిత్వములలో పెక్కు ఈ తరగతిలోనివి. పద్యములో పద్యమును, దానిలో మరొక పద్యమును ఇమిడ్చిన కవి నేర్పు మెచ్చదగినదే. ఆ నేర్పు కనబడిన పిమ్మట మిగులున దేమి అని అడిగినచో పలుచోట్ల సమాధానము లేదు. కష్టసాధ్య మగుట కళకు చాలిన లక్షణము కాదు. ఇది శ్రమవాదులగు రెండవ పక్షమువారికి సమాధానము.

కృష్ణారెడ్డి రచనలకు గూడ ఈ కొలత వర్తింపవలసినదే. 1980ల దశకమున వారు చేసిన 'గ్రేట్ క్లౌన్' అను సర్కసు విదూషకుని చిత్రము ఒకే రేకునుండి అనేక వర్ణభేదములతో ముద్రింపబడినది. విదూషకుని నుండి నలుదెసలకు వెలువడు రేఖాజాలము ఆశ్చర్యము గొలుపును. కాని ఆ వర్ణభేదములన్నియు సమానముగా అవసరమైనవని నాకు దోపదు. కొన్నిటిలో రంగు మారుటచే ఆ విదూషకుని నవ్వులోని దైన్యము బయల్పడినది. మరి కొన్నిటిలో రంగు మారినది, అర్థము మారలేదు. సుడిగుండమున విధానము వస్తువులో లయించినది. ఇచట కొంతమేర విధానము తన్ను తాను ప్రదర్శించుకొన్నది. తన సాధనమును పూర్తిగా జయించిన కళాకారునకే ఈ ప్రమాదము కలుగుట గమనింపదగినది. ఎదిరింపు తగ్గినకొలది వైవిధ్యము సులభ మగును. సులభమైన వైవిధ్యము అలంకారముగా దిగజారును.

5

ఇక డిజిటల్ మాధ్యమమునకు వత్తము. ఎదిరింపు తగ్గినచో ప్రమాదమని చెప్పితిమి. ఈ మాధ్యమమున ఎదిరింపు మొదటినుండియే లేనట్లు కనబడును. రేకు అతిగా కొరుకబడిన, మరల పూర్వపు రేకు రాదు. అందుచే శిల్పికి చాలునను మాటను రేకే చెప్పును. తెర ఎన్నడును చాలునని చెప్పదు. నలువది నీటిరంగులలో తుదిరూప మేదియో మా విద్యార్థినికి తెలియకపోవుటకు కారణ మిదియే. అది ఆమె లోపము కాదు, మాధ్యమ లక్షణము. అట్లయిన ఈ మాధ్యమమున మేరను విస్తరించు టెట్లు?

దీనికి ప్రపంచములో కొందరు చూపిన మార్గములను పరిశీలింతము. ఆంగ్ల చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్ 1970ల దశకారంభమునుండి 2016లో తాను మరణించు వరకు 'ఆరన్' అను కంప్యూటరు కార్యక్రమమును పెంపొందించుచు వచ్చెను. అతడు కంప్యూటరును కుంచెగా వాడలేదు. గీత యెట్లు మొదలగును, ఎచట మలుపు తిరుగును, ఆకారము ఎప్పుడు మూసికొనును అను నియమములను వ్రాసి యిచ్చెను. యంత్రము గీచెను. తొలినాళ్లలో ఆ గీతలకు అతడే చేతితో రంగులు వేసెను. తరువాత రంగు వేయు నియమములను గూడ యంత్రమునకు నేర్పెను. రంగును గూర్చి తాను కంటితో నెరిగిన దానిని నియమముగా చెప్పవలసి వచ్చినప్పుడు, యంత్రము అతని నెదిరించినది. సూరనకు శ్లేష యెట్టిదో, కోహెనునకు నియమ మట్టిది.

డేవిడ్ హాక్నీ 2009 నుండి ఐఫోనుపైనను, 2010 నుండి ఐప్యాడుపైనను వ్రేలితో చిత్రములు గీయ నారంభించెను. వేకువ చీకటిలో దీపము వెలిగింపకయే, వెలుగుచున్న తెరపై సూర్యోదయమును గీయవచ్చునని అతడు గ్రహించెను. కాగితముపై నిది సాధ్యము కాదు. దీపము వెలిగించినచో వేకువ చెడును. మాధ్యమము తానే వెలుగు నిచ్చునది యను దాని స్వభావమును అతడు వస్తువునకు అనువుగా వాడుకొనెను. ఇచట సాధనము కొత్తదగుట గొప్ప కాదు. ఆ సాధనముననే చూడదగిన దృశ్యమును కనుగొనుట గొప్ప.

మన దేశమున బరోడాకు చెందిన గులామ్ మొహమ్మద్ షేక్ మధ్యయుగపు ఐరోపా ప్రపంచపటము నాధారముగా గొని, కంప్యూటరుతో చిత్రఖండములను కూర్చి, ముద్రించి, దానిపై మరల చేతితో రంగులు వేసెను. 2008 నాటి అతని 'కావడ్' రాజస్థానపు కథకులు తెరచి చూపు బొమ్మలపెట్టె రూపమును విస్తరించి చేసిన రచన. మన చేర్యాల పటమునకు దానికి గల బంధుత్వము స్పష్టము. వివాన్ సుందరం 2001-02లలో 'రీటేక్ ఆఫ్ అమృత' అను వరుసలో తన తాతగారగు ఉమ్రావ్ సింగు తీసిన కుటుంబ ఛాయాచిత్రములను కంప్యూటరులో కలిపి, భిన్నకాలముల వారిని ఒకే గదిలో నిలిపెను. అతుకు కనబడకుండుట డిజిటల్ మాధ్యమపు స్వభావము. మరణించినవారు, జీవించినవారు, బాలలు, వృద్ధులు ఒకరి ప్రక్క నొకరు అతుకు లేకుండ నిలిచినపుడు, కుటుంబస్మృతి యను వస్తువునకు ఆ అతుకులేమి యే అర్థమైనది.

ఈ ఉదాహరణములలో సామాన్యధర్మ మొకటి కలదు. ఎవరును సాధనము ఇచ్చిన సౌకర్యముల నన్నిటిని వాడలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క స్వభావమును ఎన్నుకొని, దానికి లోబడిరి. రేకు తానై విధించు కట్టడిని, తెర విషయమున కళాకారుడు తనకు తాను విధించుకొనవలెను. ఛందస్సు లేని వచనకవితలో కవి లయను తానే నిర్మించుకొనవలసి వచ్చినట్లే యిది. స్వేచ్ఛ అధికమైన చోట బాధ్యత అధిక మగును.

6

ఇంతవరకు చేసిన విచారమునుండి మూడు ప్రశ్నలను ప్రమాణములుగా గ్రహింపవచ్చును. మొదటిది, ఆవశ్యకత: ఒక పొరను తొలగించినచో అర్థము కుంటుపడునా, లేక అందము మాత్రమే తగ్గునా? రెండవది, క్రమము: ఆ పొర ఆ తావుననే ఉండవలసిన కారణము కలదా? మూడవది, ప్రత్యుత్తరము: చేయుచుండగా మాధ్యమము కళాకారునకు, తాను ముందెరుగని దేనినైన తెలిపినదా? ఆలంకారికులు చెప్పిన ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసములలో అభ్యాసమును యంత్రము చాలవరకు తగ్గింపవచ్చును. వ్యుత్పత్తిని కొంత అరువుగా నీయవచ్చును. ఈ మూడు ప్రశ్నలు ప్రతిభకు సంబంధించినవి. మాటలలో అడిగి తెప్పించిన చిత్రమునకు గూడ వీనినే వర్తింపజేయవచ్చును. అడిగినది అడిగినట్లు వచ్చి, అడిగినవాడు ఏమియు నేర్వనిచో, అది ఆజ్ఞ యగును గాని రచన కాజాలదు.

ఈ ప్రమాణములతో ధర్మసాగర్ చిత్రమును మరల చూచితిని. గోదావరి నీరు దేవాదుల ఎత్తిపోతల పథకము మూలమున ధర్మసాగర్ జలాశయమునకు చేరుచున్నది. వరంగల్లు నగరమున కందు త్రాగునీటిలో దానికి భాగము కలదు. కావున అచటి నీరు ఒక విధమున చెరువునీరు, మరొక విధమున నదీజలము. నీటి ఛాయాచిత్రముపై గీచిన ఆ సన్నని మార్గరేఖ ఈ రెండర్థములను ఒక్కచోట నిలుపుచున్నది. ఆ గీత లేనిచో అది ఏ ఊరి నీరైనను కావచ్చును. గీత యుండుటచే ఆ నీరు శ్లేష యైనది. ఈ పొర ఆవశ్యకము. అక్షరములు కేవలము శోభకు చేర్చబడినవి. బంగారుచాయ అంతకన్న తక్కువది. చదువబడని అక్షరమును చిత్రమున నిలుపుటకు తగిన కారణము నాకు కనబడలేదు. జాలరి బొమ్మ కూడ పైనుండి అతికినట్లుండెను. పటకథా సంప్రదాయముపై గౌరవమును తెలుపుటకు మాత్రమే అది ఉపకరించినది. ఈ మూడింటిని తీసివేయుమని నేను సలహా నిచ్చితిని.

విద్యార్థిని అక్షరములను, మెరుపును తీసివేసినది. జాలరిని తీయుటకు మాత్రము ఆమెకు మన సొప్పలేదు. కొన్నిదినముల తరువాత మరల తెచ్చి చూపినపుడు, జాలరి బొమ్మను నీటిపొరకు క్రిందుగా జరిపినది. చేర్యాల పటపు గాఢమైన ఎరుపు నీటి నీలములోనుండి చూచినపుడు మందగించి, సగము మునిగిన జ్ఞాపకమువలె నున్నది. మార్గరేఖ అతని చేతి దగ్గరకు వచ్చి ఆగుటచే, దూరపు నదిని అతడు వలతో లాగుచున్నట్లు కనబడినది. ఈ పొందిక తాను ముందు ఊహించినది కాదనియు, పొరను జరుపుచుండగా కనబడినదనియు ఆమె చెప్పినది. నలువది రంగులలో ఏది కావలెనన్న ప్రశ్నయు అంతటితో తీరినది. ఎరుపు కనబడియు కనబడకుండ నిలుచునది ఒక్కటే రంగు.

నా సలహాలో ఒక తప్పిదము కలదని అప్పుడు బోధపడినది. నేను ఆవశ్యకతను చూచితిని, క్రమమును మరచితిని. అనావశ్యకముగా దోచిన పొర, తావు మార్చినంతనే ఆవశ్యక మగునని నాకు తట్టలేదు. పలుచని సిరా ముందో, చిక్కని సిరా ముందో అను విచికిత్సతో ఒక జీవితకాలము గడిపిన కృష్ణారెడ్డి కృషిని గూర్చి చదివియు, ఆ పాఠమును నేను తెర విషయమున వర్తింపజేసికొనలేకపోతిని. ఆ చిత్రము గొప్ప రచన యని నే ననుట లేదు. నీటి ఛాయాచిత్రములో ఇంకను పరిచితమైన సౌందర్యము మీది మోజు కలదు. ఆ సాయంకాలపు కాంతి ఎవరు తీసినను వచ్చునదే. కాని ఆ చిత్రమున ఒక మేర నిజముగా జరిగినది. పటములోని జాలరి పటమును వీడి, మరొక మాధ్యమమున తనకు తగిన తావును వెదకికొన్నాడు.

కావున హద్దులు చెరిగినవను ప్రశంసను విమర్శకులు మానుకొనుట మంచిది. మేర లేని కళ యెందును లేదు. రేకునకు లోతు మేర. పద్యమునకు ఛందస్సు మేర. పటమునకు బట్ట మేర. తెరకు మేర లేదని తోచుట మన చూపులోని లోపము. దాని మేర కళాకారుని ఎన్నికలో దాగి యున్నది. ఆ ఎన్నికను కనుగొని, అది తగినదో కాదో నిర్ణయించుటయే విమర్శకుని పని. అందుకు కొత్త శాస్త్రము నెచటినుండియో తెచ్చుకొనవలసిన అగత్యము లేదు. ఔచిత్యము, శ్లేష, వ్యంగ్యము అను పదములను మనము పద్యములకే పరిమితము చేసి యుంచితిమి. వానిని ఈ కొత్త రచనల యెదుట నిలిపి పరీక్షించినచో, రచనలే కాదు, ఆ పదములును మరల జీవము పొందగలవు.